ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో చేపల వింత ప్రవర్తన: మందుకు ముందు అడగవలసిన ప్రశ్నలు

కొన్ని సంవత్సరాల క్రితం మే మాసంలో ఒక ఉదయం విశాఖపట్నం ఉక్కునగరం నుండి ఒక విశ్రాంత ఉద్యోగి నాకు ఫోను చేశారు. ఆయన ఇంట్లో సుమారు 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో ఒక జత క్లౌన్ చేపలు, మూడు డామ్సెల్ చేపలు, ఒక సర్జన్ చేప, కొన్ని రొయ్యలు, నత్తలు, ఒక సీ అనిమోన్ ఉన్నాయి. "సార్, రెండు రోజులుగా చేపలన్నీ పంపు నీళ్లు పడే మూలకు చేరి రొప్పుతున్నాయి. మేత వేసినా రావడం లేదు. ఏం మందు వేయమంటారు?" అని అడిగారు. ఒంటిపై తెల్లమచ్చలు ఉన్నాయా అని నేను అడిగాను. లేవన్నారు. వేగంగా శ్వాసించడం, ప్రవాహానికి ఎదురుగా నిలవడం, మేత మానడం, స్పష్టమైన మచ్చలు లేకపోవడం కలిసి కనబడితే పాఠ్యపుస్తకం చెప్పేది అమిలూడినియం అనే పరాన్నజీవి కలిగించే వెల్వెట్ వ్యాధి. కాపర్ సల్ఫేటు ఎంత మోతాదులో వేయాలో ఫోనులోనే చెప్పాను.

మూడవ రోజు మళ్లీ ఫోను వచ్చింది. రొయ్యలు, నత్తలు, అనిమోన్ చనిపోయాయి. అవి కుళ్లడంతో నీరు మసకబారింది. డామ్సెల్ చేపలు కూడా పోయాయి. నేను వెళ్లేసరికి సర్జన్ చేప అప్పుడే ప్రాణం విడిచింది. దాని మొప్పల ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షించగా ఒక్క పరాన్నజీవి కూడా కనబడలేదు. రిఫ్రాక్టోమీటరుపై ఒక చుక్క నీరు వేసి చూస్తే లవణీయత 42 పిపిటి. తెరిచిన సముద్రపు నీటిలో అది సాధారణంగా 33 నుండి 35 వరకు ఉంటుంది.

జరిగింది ఇది. వేసవి కావడంతో ఆయన తొట్టె మూత తీసి, పైన ఫ్యాను పెట్టారు. రోజూ ఆవిరై తగ్గిన నీటి స్థానంలో అప్పికొండ తీరం నుండి డబ్బాలతో తెచ్చుకున్న సముద్రపు నీటినే పోశారు. సముద్రపు చేపకు సముద్రపు నీరు పోయడంలో తప్పేముందని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. రోజుకు రెండు లీటర్ల చొప్పున నెల రోజుల్లో 60 లీటర్లు ఆవిరైనదనుకుందాం. లీటరుకు 33 గ్రాముల ఉప్పున్న నీటితో దానిని పూరిస్తే తొట్టెలోకి అదనంగా చేరేది 1,980 గ్రాములు. మొదట ఉన్న 6,600 గ్రాములతో కలిపి 8,580 గ్రాములు 200 లీటర్లలో ఉంటే లీటరుకు దాదాపు 43 గ్రాములు. మీటరు చూపిన అంకె, కాగితంపై లెక్క దాదాపు సరిపోయాయి. ఈ లెక్కకు ఏ పరికరమూ అవసరం లేదు. "తగ్గిన నీటికి బదులు ఏమి పోస్తున్నారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ ప్రశ్న నేను అడగలేదు. మేత తినడం తగ్గింది మూడు వారాల క్రితమేనని ఆయన ఇంట్లోవారు తరువాత చెప్పారు. వెల్వెట్ వ్యాధి మూడు వారాలు నెమ్మదిగా నడవదు. తరచుగా కొద్ది రోజుల్లోనే తొట్టెను ఖాళీ చేస్తుంది. అదీ నేను అడిగి ఉంటే తెలిసేది. తప్పు పూర్తిగా నాదే.

ఈ అనుభవాన్ని ఇక్కడ రాయడానికి కారణం ఉంది. చెరువు గట్టుపై నిలబడినప్పుడు మనం ఇలా ప్రవర్తించం. కొల్లేరు పరిసరాల్లోని రైతు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయని చెబితే, ఏ విస్తరణ శాస్త్రవేత్త అయినా ముందుగా ప్రాణవాయువు గురించే ఆలోచిస్తాడు. ఏరేటర్లు ఎప్పుడు ఆగాయి, రాత్రి మబ్బు పట్టిందా, నీటి రంగు మారిందా అని అడుగుతాడు. రొయ్యలు గట్టు వెంబడి తిరుగుతున్నాయంటే చెక్ ట్రేలో మేత మిగిలిందా అని అడుగుతాడు. మందు మాట చివరకు వస్తుంది. అదే శాస్త్రవేత్త గాజు తొట్టె ముందుకు వచ్చేసరికి ఈ క్రమశిక్షణను మరచిపోతాడు. అక్వేరియం అలంకార వస్తువనీ, దాని గురించి వచ్చే ఫోను కాలక్షేపపు ఫోననీ మనలో ఒక చిన్నచూపు ఉంది. ఆ చిన్నచూపే తొందరపాటు సలహాగా బయటపడుతుందని నా అభిప్రాయం.

వాస్తవానికి ఇంటి ఉప్పునీటి తొట్టెలో పొరపాటుకు చెరువులో ఉన్నంత వెసులుబాటు కూడా లేదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో కరగగలిగే ప్రాణవాయువు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, అదే ఉష్ణోగ్రతలో సముద్రపు నీటిలో సుమారు 6.2 మాత్రమే. లవణీయత పెరిగినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మరోవైపు సముద్రపు చేప నిరంతరం నీరు తాగుతూ, అందులోని అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటకు పంపుతూ బ్రతుకుతుంది. నీరు చిక్కనైతే ఆ పనికి శక్తి ఎక్కువ కావాలి, శక్తికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. నీటిలో ఉన్నదేమో తక్కువ. ఉక్కునగరం చేపలు పంపు మూలకు చేరడానికి కారణం అదే. అక్కడ నీరు గాలితో కలుస్తున్నది. చేప తనకు కావలసినది ఎక్కడ ఉందో సరిగానే కనిపెట్టింది. ఆ చర్యను రోగలక్షణంగా మాత్రమే చదవడం మన పొరపాటు.

అమ్మోనియా విషయమూ ఇటువంటిదే. విషపూరితమైన అయనీకరణం చెందని అమ్మోనియా వాటా, పీహెచ్ ఒక అంకె పెరిగితే దాదాపు పది రెట్లు పెరుగుతుంది. ఏడుకు సమీపంలోని పీహెచ్ గల మంచినీటి తొట్టెలో ప్రమాదం లేని మొత్తం అమ్మోనియా, 8.2 పీహెచ్ గల ఉప్పునీటి తొట్టెలో మొప్పలను కాల్చివేయగలదు. కొత్త తొట్టెలో నత్రీకరణ బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. విదేశీ పుస్తకాలు ఈ దశను దాటడానికి సజీవ పగడపు రాళ్లను సిఫారసు చేస్తాయి. మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జాబితాలో ఉన్నాయి. మన సముద్రం నుండి వాటిని తీయడం నేరం. ఈ సలహాను యథాతథంగా అనువదించి చెప్పేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. మనకున్న మార్గం సిరామిక్ వలయాలు, ఓపిక, తక్కువ చేపలు. తొట్టె పెట్టిన మూడవ వారంలో చేపలన్నీ ఎర్రబడిన మొప్పలతో అడుగున పడి ఉన్నాయంటే మందుల పెట్టెను తెరవనవసరం లేదు.

ఇక అసలు రోగమే లేని ప్రవర్తనలు కొన్ని ఉన్నాయి. చిన్న క్లౌన్ చేప పెద్ద చేప ఎదుట ఒరిగి వణకడం లొంగుబాటుకు గుర్తు, మూర్ఛ కాదు. ఆ జాతిలో గుంపుకు పెద్దదైన ఆడచేప పోతే మగచేప ఆడగా మారుతుంది. ఆ కాలంలో కొట్లాటలు సహజం. రాస్ జాతి చేపలు అనేకం రాత్రి ఇసుకలో దూరి నిద్రిస్తాయి. చేప మాయమైందని ఇసుకను తవ్వి చూసేవారున్నారు. సర్జన్ చేపలు చీకటిలో రంగు వెలిసినట్లు కనబడతాయి. దీపం వేసిన కొద్దిసేపటికి మామూలుగా అవుతాయి. కొన్ని జాతుల చిలుక చేపలు రాత్రి వేళ తమ చుట్టూ జిగురు తెరను అల్లుకుంటాయి. గుడ్లు పెట్టిన క్లౌన్, డామ్సెల్ చేపలు ఒకే చోట నిలబడి రెక్కలతో విసురుతూ, దగ్గరకు వచ్చిన చేతిని సైతం పొడుస్తాయి. ఇటువంటి ప్రవర్తనకు మందులు వాడిన తొట్టెలను నేను చూశాను. విద్యార్థులకు చేపల వ్యాధుల పాఠం చెప్పే ముందు ఆరోగ్యవంతమైన చేప దినచర్యను చూపించాలని నేను కోరడానికి కారణం ఇదే. ఒక్కొక్క జాతి మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కదులుతాయన్నది ఉష్ణోగ్రతను బట్టి, చేప పరిమాణాన్ని బట్టి మారుతుంది. తన తొట్టెలోని తన చేపకు మామూలు రోజున ఎంతో తెలిసినవాడే రొప్పుతున్నదని చెప్పగలడు.

నిజమైన వ్యాధి వచ్చినప్పుడు కూడా ప్రవర్తన మనలను మోసగిస్తుంది. క్రిప్టోకారియాన్ వల్ల వచ్చే తెల్లమచ్చల వ్యాధి ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పరాన్నజీవి చేప చర్మంలో మూడు నుండి ఏడు రోజుల వరకు ఉండి, పెరిగి, తనంతట తాను రాలిపోతుంది. రాలిన తరువాత తొట్టె అడుగున కోశంగా మారి, అందులో అనేకంగా విభజన చెంది, కొన్ని రోజులకు లేదా వారాలకు మళ్లీ చేపలను వెతుక్కుంటూ బయటకు వస్తుంది. అంటే మచ్చలు కనబడిన రోజున ఏ మందు వేసినా, పసుపు వేసినా, ఏమీ వేయకపోయినా, వారంలోగా మచ్చలు మాయమవుతాయి. యజమాని సంతోషిస్తాడు; మందుకు పేరు వస్తుంది. తరువాత మచ్చలు అనేక రెట్లుగా తిరిగి వచ్చినప్పుడు దానిని కొత్త వ్యాధిగా భావించి కొత్త మందు కొంటాడు. మన దగ్గర ప్రచారంలో ఉన్న అనేక "అనుభవ వైద్యాల" కీర్తికి ఆధారం ఈ జీవితచక్రమేనని నా అనుమానం. తొట్టెను చేపలు లేకుండా కనీసం ఆరు వారాలు ఉంచి, ఆ కాలమంతా చేపలకు వేరే పాత్రలో చికిత్స చేయడమే సరైన పద్ధతి. ఇది చెప్పడానికి కష్టం, వినడానికి ఇంకా కష్టం.

రాగి మంచి మందే. కాని నీటిలో స్వేచ్ఛగా ఉన్న రాగి లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల మధ్య నిలవాలి. తగ్గితే పరాన్నజీవి చావదు, పెరిగితే చేప చస్తుంది. పగడపు గుల్ల, సున్నపు గులకరాళ్లు రాగిని పీల్చుకుంటాయి గనుక వేసినంత నీటిలో ఉండదు. రోజూ పరీక్షించకుండా అలంకరణలున్న తొట్టెలోనే రాగి వేయమని చెప్పడం అంచనాపై చేసే వైద్యం. రొయ్యలు, నత్తలు, అనిమోన్ వంటి అకశేరుకాలు ఆ మోతాదుకు ముందే పోతాయి. ఇవన్నీ తెలిసి కూడా ఫోనులో మోతాదు చెప్పినవాడిని నేను.

విశాఖపట్నంలో ఈ విషయం మరికొంత చిక్కుగా ఉంటుంది. సముద్రం ఇంటి ముందే ఉంది కనుక ఉప్పు కొనుక్కొని నీరు తయారు చేసుకునేవారు తక్కువ. కాని తీరంలోని నీరు ఏడాది పొడవునా ఒకటి కాదు. ఈశాన్య రుతుపవనాల ఆరంభ కాలంలో గంగా, బ్రహ్మపుత్ర, మహానది వంటి నదులు తెచ్చిన మంచినీరు తీరం వెంబడి దక్షిణంగా సాగే ప్రవాహంలో ఇక్కడికి చేరుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఉపరితల లవణీయత 30 పిపిటి కంటే బాగా దిగువకు పడిపోయి, వేసవి నాటికి 34 సమీపానికి తిరిగి వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు సముద్ర శాస్త్రవేత్తలు 1950ల నుండి గమనిస్తూ వస్తున్న విషయమిది. మేలో డబ్బా నీటితో నడిచిన తొట్టెలో నవంబరు డబ్బా నీటితో సగం నీరు మారిస్తే, నీటి మార్పిడి పేరుతో చేపకు ఒక నదీముఖద్వారాన్ని చూపినట్లే.

ఎక్కడి నీరన్నది రెండవ ప్రశ్న. వాన పడిన మరునాడు గెడ్డ కలిసే చోట తీరపు నీటిని ముంచకూడదు. లోపలి నౌకాశ్రయంలోకి మేఘాద్రిగెడ్డ మోసుకొచ్చే మురుగు చేరుతుంది. ఓడల అడుగున జీవులు అంటుకోకుండా పూసే రంగుల్లో రాగి ఉంటుంది. చేపల రేవు దగ్గర నీటిపై చమురు తెట్టు కంటికే కనబడుతుంది. అటువంటి నీటితో నింపిన తొట్టెలో రొయ్యలు ఒక్కసారిగా పిచ్చిగా ఎగిరిపడి చస్తే, చేపలు మాత్రం మిగిలితే, లోహాన్ని అనుమానించాలి. శుభ్రమైన చోట తెచ్చిన నీటినైనా చీకటిలో కొన్ని రోజులు నిలవ ఉంచి, వడకట్టి వాడాలి. తాజా నీటిలో ప్లవకాలు, పరాన్నజీవుల ఈదే దశలు రెండూ ఉంటాయి.

విద్యుత్తు గురించి వేరుగా చెప్పనవసరం లేదేమో గాని, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తరువాత ఈ నగరం రోజుల తరబడి చీకటిలో ఉంది. ఆ రోజుల్లో ఒక ఇంట్లో తల్లీ కొడుకులు వంతులవారీగా చెంబుతో తొట్టె నీటిని ఎత్తి పోయడం చూశాను. చేపలు చాలావరకు బ్రతికాయి. వారికి ఆక్సిజన్ గురించిన పట్టికలు తెలియవు. చేప నోరు పైకి ఎందుకు పెట్టిందో అర్థమైంది, అంతే.

ఇంటి అక్వేరియం వంటి అభిరుచిపై విస్తరణ వ్యవస్థ కాలాన్ని ఖర్చు చేయవచ్చా అని మిత్రులు అడుగుతుంటారు. రొయ్య రైతు అప్పుతో పోలిస్తే క్లౌన్ చేప ఎంత అన్నది వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయితే 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లకు సహాయం ఉంది. పెరటి యూనిట్లు పెట్టుకోమని మహిళలను మనమే ప్రోత్సహిస్తున్నాం. కొన్నవారి ఇంట్లో చేప నెలకు మించి బ్రతకకపోతే రెండవసారి కొనేవారు ఉండరు. పైగా సముద్రపు అలంకార చేపల్లో అధిక భాగం ఇప్పటికీ దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. తొట్టెలో చచ్చిన ప్రతి సర్జన్ చేపకు బదులు మరొకటి సముద్రం నుండి రావాలి. విశాఖపట్నంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం 2007లో దేశంలో తొలి సముద్రపు పంజరాన్ని దించి పండుగప్పను పెంచింది. తరువాత బొంత చేప జాతి గ్రూపర్‌ను, పాంపనోను హేచరీలో పిల్లలు పెట్టించింది. కొత్తగా వచ్చిన తల్లి చేపను వేరుగా ఉంచి గమనించకుండా మిగిలిన వాటితో కలపడం ఏ హేచరీలోనూ ఉండదు. అదే నగరంలో, కొన్ని కిలోమీటర్ల దూరంలోని ఇళ్లలో, కొన్న చేపను సంచి విప్పి నేరుగా తొట్టెలో వదులుతున్నారు. ఈ దూరాన్ని తగ్గించవలసింది విస్తరణ శాస్త్రవేత్తలు కాక మరెవరు?

నేను కోరేది పెద్ద పథకం కాదు. మత్స్య కళాశాలల్లోనూ, తీరప్రాంత ప్రయోగశాలల్లోనూ చెరువు నీటిని పరీక్షించే బల్లపైనే వారానికి ఒక పూట ఇళ్ల నుండి తెచ్చిన సీసా నీటిని కూడా పరీక్షించాలి. లవణీయత, పీహెచ్, అమ్మోనియా అనే మూడు అంకెలు చాలు. ఫోనులో అడిగినవారికి ఆ అంకెలు తెలిసేవరకు మందు పేరు చెప్పకూడదన్న నియమం పెట్టుకోవాలి. ఆలోగా చెప్పదగినవి కొన్ని ఉన్నాయి: గాలి పంపు పెంచండి, మేత ఆపండి, కొత్తగా ఏదీ వేయకండి. అన్ని చేపలూ ఒకే రోజున మారాయా, ఒకదాని తరువాత ఒకటా, ఒక్కటేనా అని అడగాలి. అన్నీ ఒకేసారి అంటే చూపు నీటి వైపు వెళ్లాలి. ఒకదాని నుండి మరొకదానికి అంటే అంటువ్యాధి వైపు. ఒక్కటే మూలకు నక్కి చిరిగిన రెక్కలతో ఉంటే తోటి చేపల దౌర్జన్యం వైపు. వెల్వెట్ వంటివి వేగంగా వ్యాపించి ఈ విభజనను తారుమారు చేస్తాయి కనుక అప్పుడే చనిపోయిన చేప మొప్పలను సూక్ష్మదర్శిని కింద చూడటం తప్పదు. గంటల తరబడి ఉన్న కళేబరం పనికిరాదు. పరాన్నజీవులు అప్పటికే దానిని విడిచి వెళతాయి.

విద్యార్థులకు ఒక తొట్టెను అప్పగించి, ముప్పై రోజులు మందు ముట్టకుండా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చేపలు ఏం చేస్తున్నాయో రాయమనాలని నేను కొంతకాలంగా చెబుతున్నాను. మొదటి వారం వారికి విసుగు వస్తుంది. రెండవ వారానికి ఏ చేప ఏ మూలను ఆక్రమించిందో తెలుస్తుంది. అటుపైన ఫ్యాను వేసి, నీటి మట్టం ఎంత తగ్గిందో కొలిచి, లవణీయత లెక్కను వారినే వేయమంటే ఉక్కునగరం పాఠం పుస్తకం లేకుండానే వస్తుంది.

ఆ విశ్రాంత ఉద్యోగి తొట్టెలో మిగిలిన క్లౌన్ జతను రోజుకు రెండు మూడు పిపిటి చొప్పున నీటిని పలుచన చేస్తూ సాధారణ స్థితికి తెచ్చాం. ఇప్పుడు తొట్టె గాజుపై నీటి మట్టానికి రంగు టేపు అంటించి ఉంటుంది. తగ్గినంత మేరకు ఆర్వో నీరు మాత్రమే పోస్తారు. ఇటీవల ఆయన ఫోను చేసి, ముందుగా 33 అని అంకె చెప్పి, తరువాత ఆడచేప గాజు అడుగును శుభ్రం చేస్తున్నదనీ, చేయి పెడితే మగచేప పొడుస్తున్నదనీ చెప్పారు. మందు ఊసు ఎత్తలేదు. గుడ్లు పెట్టాక రాత్రి దీపం ఎప్పుడు ఆర్పాలని అడిగారు.